ఫెర్రిసయనైడ్‌ను ఆస్కార్బిక్ ఆమ్లం క్షయకరించే వేగాన్ని కొలిచే విధానం

నీటిలో కరిగిన లోహ సంశ్లిష్టాన్ని కర్బన ఆమ్లం ఎంత వేగంగా క్షయకరిస్తుందో (అంటే దానికి ఎలక్ట్రాన్లను ఇస్తుందో) కొలవడం నేర్చుకునేవారికి ఫెర్రిసయనైడ్, ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) జంట ఎంతో అనువైనది. పసుపుపచ్చని ఫెర్రిసయనైడ్ అయాను ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించి దాదాపు రంగులేని ఫెర్రోసయనైడ్‌గా మారుతుంది కాబట్టి, 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద శోషణం (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో తెలిపే కొలత) తగ్గడాన్ని గమనిస్తే చాలు.

పొటాషియం ఫెర్రిసయనైడ్ 0.6 మిల్లీమోలార్ ద్రావణాన్ని తటస్థమైన నీటిలో అప్పటికప్పుడు తయారుచేసి, వెలుతురు తగలకుండా ఉంచాలి. ఆస్కార్బిక్ ఆమ్లం 6 మిల్లీమోలార్ ద్రావణంలో పీహెచ్ 2 వచ్చేలా హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, కొద్దిగా ఈడీటీఏను కలపాలి. రాగి జాడలు ఉంటే గాలిలోని ఆక్సిజన్ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని త్వరగా పాడుచేస్తుంది. ఈడీటీఏ ఆ రాగిని బంధిస్తుంది. ఫెర్రిసయనైడ్‌ను గాఢ ఆమ్లంతో కలిపి వేడిచేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు, ఎందుకంటే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువు వెలువడుతుంది. వ్యర్థ ద్రావణాన్ని కూడా ఆమ్ల వ్యర్థాల్లో పోయకూడదు.

రెండింటినీ ఒకే ఉష్ణోగ్రతకు తెచ్చి, సమాన ఘనపరిమాణాల్లో కలిపి, వెంటనే శోషణాన్ని నమోదు చేయాలి. కాంతి మార్గం ఒక సెంటీమీటరు ఉన్న గొట్టంలో అది మొదట సుమారు 0.3 ఉంటుంది. చర్య ముగిసేసరికి ఆస్కార్బిక్ ఆమ్లంలో 5 శాతమే ఖర్చవుతుంది కనుక దాని గాఢతను స్థిరమనుకోవచ్చు. అప్పుడు శోషణపు సహజ సంవర్గమానాన్ని కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది.

ఆ రేఖ వాలును ఆస్కార్బిక్ ఆమ్ల గాఢతతో భాగించి వేగ స్థిరాంకమని రాసుకునేవారు చాలామంది ఉన్నారు; ఇక్కడే జాగ్రత్త అవసరం. నెమ్మదిగా జరిగే తొలి దశలో ఒక ఫెర్రిసయనైడ్ అయాను క్షయకరణం చెందగా, అక్కడ పుట్టిన ఆస్కార్బైల్ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణం) మరొక ఫెర్రిసయనైడ్ అయానును చటుక్కున క్షయకరిస్తుంది. ఒక్క ఆమ్ల అణువుకు రెండు అయాన్లు తరిగిపోతాయి కాబట్టి, తొలి దశ స్థిరాంకం కావాలంటే ఆ విలువను మళ్ళీ రెండుతో భాగించాలి.

తరువాత పీహెచ్‌ను 1 నుంచి 2.5 వరకు మార్చుతూ ప్రయోగాన్ని తిరిగి చేయాలి. ఆస్కార్బిక్ ఆమ్లపు తొలి పీకేఏ (సగం అణువులు తొలి హైడ్రోజన్ అయానును వదిలివేసే పీహెచ్) సుమారు 4.1, ఈ పరిధిలో అతికొద్ది భాగమే ఆస్కార్బేట్ అయానుగా ఉన్నా, ఎలక్ట్రాన్‌ను ప్రధానంగా ఇచ్చేది అదే కనుక హైడ్రోజన్ అయాన్ల గాఢత పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. అయితే చర్య జరిపే రెండు అయాన్లకూ రుణావేశమే ఉండటం వల్ల అయానిక బలం (ద్రావణంలోని అయాన్ల గాఢతను, ఆవేశాలను కలిపి తెలిపే కొలత) పెరిగినా వేగం పెరుగుతుంది. అందుచేత పొటాషియం నైట్రేట్ కలుపుతూ ప్రతి మిశ్రమంలోనూ అయానిక బలాన్ని ఒకేలా నిలపాలి. లేకుంటే పీహెచ్ ప్రభావమేదో, లవణ ప్రభావమేదో విడదీయలేము.