వాల్వు రిసీవరు మొరాయించినప్పుడు: సమస్య - పరిష్కారం

నల్లగొండ, దేవరకొండ వైపు ఇళ్లలో అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న, వాల్వులతో (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గొట్టాలతో) పనిచేసే హ్యామ్ (ఔత్సాహిక రేడియో) రిసీవరును దించిన వెంటనే ప్లగ్గు పెట్టరాదు. దుమ్ము దులిపి, ఎలుకలు కొరికిన వైర్లు మార్చాక, 100 వాట్ల ఫిలమెంటు బల్బును మెయిన్స్‌కు సిరీస్‌లో కలిపి కరెంటు ఇవ్వాలి. బల్బు మొదట వెలిగి ఆపై మందగిస్తే ముందుకు సాగవచ్చు. పూర్తి కాంతితో అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉన్నట్లే. సెట్టు ఆపేసినా ఫిల్టరు కండెన్సర్లలో (సప్లయి కరెంటును నునుపు చేసేవి) ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది కనుక, వాటిని 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్న తరువాతే చేయి పెట్టాలి.

సమస్య: వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా స్పీకరులో మోత ఆగదు.
ఎండిపోయిన ఫిల్టరు కండెన్సర్లే దీనికి సాధారణ కారణం. 450 వోల్టులవి కొత్తవి వేయాలి. మోత పోవాలని పెద్ద విలువది వేస్తే రెక్టిఫైయరు వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) మీద భారం పడుతుంది. కాబట్టి పాత విలువకు దగ్గరగానే ఉండాలి.

సమస్య: మొదట బాగానే పలికి, పది నిమిషాలకు మాట బొంగురుపోతుంది, అవుట్‌పుట్ వాల్వు (స్పీకరును నడిపేది) మితిమీరి కాలుతుంది.
చాలామంది వాల్వునే అనుమానించి కొత్తది కొంటారు, అదీ కొన్నాళ్లకే పాడవుతుంది. అసలు దోషి చాలాసార్లు దాని ముందున్న కాగితపు కప్లింగ్ కండెన్సరు (ముందు దశ నుంచి శబ్ద సంకేతాన్ని మాత్రమే దాటనిచ్చేది). అది లీకైతే ముందు దశ వాల్వు ప్లేటు (హెచ్చు వోల్టేజీ ఉండే కొస) వోల్టేజీ అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డు (కరెంటును అదుపు చేసే కొస) మీదికి చేరి, ఆ వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగుతుంది. అవుట్‌పుట్ వాల్వుగా 6వీ6 రకం ఉన్న సెట్టయితే, ఆ వాల్వును తీసి, సెట్టు వేడెక్కాక సాకెట్టు 5వ పిన్నుకూ (గ్రిడ్డు) చాసిస్‌కూ (సెట్టు లోహపు చట్రం) మధ్య వోల్టేజీ చూడాలి. ప్లస్ వోల్టేజీ కనిపిస్తే కండెన్సరు పోయినట్లే: అదే విలువగల 630 వోల్టుల పాలియెస్టరుది వేయాలి. వాల్వు తీసినప్పుడు సున్నా ఉండి, పెట్టినప్పుడు మాత్రమే ప్లస్ వస్తుంటే, అప్పుడు వాల్వునే తప్పుపట్టవచ్చు.

సమస్య: 7 మెగాహెర్ట్‌జ్‌లో వింటున్న మోర్సు స్వరం ఉన్నట్టుండి జారిపోతుంది.
మన పల్లెల్లో బోరు మోటార్లు వేసి వోల్టేజీ పడిపోయే వేళకే ఇది జరుగుతుంటే, లోపం కాయిళ్లలో కాక సప్లయిలో వెతకాలి. ఆసిలేటరు (ట్యూనింగును నిర్ణయించే దశ) ప్లేటుకు ఓఏ2 వంటి 150 వోల్టుల రెగ్యులేటరు వాల్వు (వోల్టేజీని నిలకడగా ఉంచేది) ఉంటే అది ఊదారంగులో వెలుగుతోందో లేదో చూడాలి. లేనిచోట సరైన సిరీస్ రెసిస్టరుతో అమర్చాలి. ఈ పని కాకముందే ఐ.ఎఫ్. (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) కాయిళ్ల కోర్లను తిప్పినవారు సాధారణంగా రెండో సమస్యను కొనితెచ్చుకుంటారు.