తుపాన్ల కాలం వస్తోంది: ట్రస్టు చైర్మన్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఆగస్టు చివరి నుంచి డిసెంబరు దాకా మన దగ్గర సేవా సంస్థలకు ఊపిరాడని కాలం. విజయవాడను బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచెత్తింది 2024 సెప్టెంబరు 1న. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. బియ్యం ఎక్కడ దించాలి, టార్పాలిన్లు ఎక్కడ పెట్టాలి అనేదానికి ప్రతి ట్రస్టులోనూ ఏదో ఒక ప్లాను ఉంటుంది. చైర్మన్‌గారి పేరు మీద ఏ మాట ఎప్పుడు బయటికి వెళ్లాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ రాసిపెట్టుకోరు. ఆయన పి.ఎ.గానో, ఆయన తరఫున ఉత్తరాలు, ప్రెస్ నోట్లు చూసేవాళ్లుగానో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో అసలు గండం టీవీ విలేకరి నుంచో, గిట్టనివాళ్ల నుంచో రాదు. చైర్మన్‌గారి సొంత ఫోన్ నుంచి వస్తుంది. రాత్రి పదకొండింటికి టీవీలో మునిగిన ఇళ్లు చూసి మనసు ఆగక, "మన ట్రస్టు తరఫున పదివేల కుటుంబాలకు సాయం" అని వాట్సాప్ స్టేటస్ పెట్టేస్తారు. తెల్లారేసరికి దాని స్క్రీన్‌షాట్ దాతల గ్రూపులన్నీ చుట్టేస్తుంది. గోడౌన్‌లో చూస్తే వెయ్యి కిట్లే ఉంటాయి. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ రేపు లెక్క అడిగేది మిమ్మల్ని.

అందుకని ఈ సంగతి వాన పడకముందే, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడుకోవాలి. "పోస్టులు పెట్టకండి సార్" అంటే ఏ చైర్మనూ వినరు, వినాలని ఆశించడమూ తప్పే. "మీకు ఏమనిపిస్తే అది వాయిస్ మెసేజ్‌గా నాకు పంపండి సార్, 20 నిమిషాల్లో రాసి ఇస్తా" అనండి. ఆ మాట మీద మీరు నిలబడాలి. రెండుసార్లు ఆలస్యం చేశారంటే మూడోసారి ఆయనే టైపు చేసుకుంటారు, తప్పు ఆయనది కాదు.

ఇక డ్రాఫ్ట్ విషయం. తుపాను సందేశాల్లో పరువు తీసేవి అంకెలు కాదు, వాటి పక్కనుండే క్రియాపదాలు. ఇస్తాం అన్నది వేరు, పంపాం అన్నది వేరు, అందింది అన్నది వేరు. "5 వేల కుటుంబాలకు సాయం చేశాం" అని రాస్తే ఈ మూడూ కలిసిపోతాయి. అదే సందేశం ఇలా రాసి చూడండి: "బియ్యం, కందిపప్పు, నూనె ఉన్న 1,200 కిట్లతో రెండు లారీలు ఈ సాయంత్రం 6 గంటలకు బయలుదేరాయి. ఎక్కడెక్కడ పంచామో రేపు రాత్రికి చెబుతాం." ఆర్భాటం లేదు, కానీ దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు. లారీ దారిలో నీళ్లలో ఆగిపోయినా మీ మాట అబద్ధం కాదు. ప్రతి అంకె పక్కన అది చెప్పిన ఫీల్డ్ మనిషి పేరు, టైము మీ దగ్గరున్న కాపీలో రాసి పెట్టుకోండి. మృతుల సంఖ్య, గల్లంతైనవారి సంఖ్య మాత్రం చైర్మన్‌గారి నోట అసలు రానివ్వొద్దు. అది కలెక్టరేట్ చెప్పాల్సిన మాట.

సంతాప సందేశాల్లో ఇంటిపేరు రెండుసార్లు చూసుకోండి. పాత నమూనాలో పేరు మార్చి పంపేవాళ్లయితే నాలుగుసార్లు చూసుకోండి.

పండగ పోస్టర్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు అన్నీ తుపాన్ల నెలల్లోనే వస్తాయి. నెల ముందే డిజైన్ చేయించి, టైము పెట్టి షెడ్యూల్ చేస్తాం. జనం మేడల మీద కూర్చుని అన్నం పొట్లాల కోసం చూస్తున్న పూట, పట్టుపంచెలో నవ్వుతున్న చైర్మన్‌గారు "దీపావళి శుభాకాంక్షలు" అంటూ ప్రత్యక్షమైతే ఏం సర్దిచెబుతాం? వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలు దశలవారీగా ఇస్తుంది, మొదటి సూచన 72 గంటల ముందే వస్తుంది. అది వచ్చిన పూటే షెడ్యూల్ చేసినవన్నీ ఆపేయాలి. ఆ పాస్‌వర్డ్ డిజైనర్ ఒక్కడి దగ్గరే ఉంటే ఈ జాగ్రత్త ఉన్నా లేనట్టే.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు సరిగా కలవలేదు. చైర్మన్‌గారు దొరక్కపోతే సందేశానికి ఓకే చెప్పేదెవరు? ఒక ట్రస్టీ పేరు, ఆ ట్రస్టీ కూడా దొరక్కపోతే వేరే ఊళ్లో ఉండే ఇంకొకరి పేరు ముందే తీర్మానించి, ఫోన్ నంబర్లతో సహా కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి.

డబ్బు అడిగే సందేశం దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాలి. "అమెరికాలోని మన తెలుగువాళ్లంతా ఈ ఖాతాకు పంపండి" అని చైర్మన్‌గారు వీడియోలో అనేస్తారు. డల్లాస్‌లో ఉన్న మన ఊరి అబ్బాయి భారత పాస్‌పోర్టు మీద ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. వాళ్ల పక్కింట్లో అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయిగారు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. అక్కడ తీసుకుని ఇంకో సంస్థకు మళ్లించడమూ కుదరదు. కాబట్టి విజ్ఞప్తిలో ఎవరు ఏ ఖాతాకు పంపాలో విడివిడిగా రాయండి. ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే "విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి విరాళాలు తీసుకోలేం" అని నేరుగా రాయండి. మొహమాటపడితే తర్వాత నోటీసుకు జవాబు రాసుకోవాలి.

80జి, అంటే విరాళమిచ్చినవారికి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు గురించి కూడా పెద్దాయన ధారాళంగా హామీలు ఇచ్చేస్తుంటారు. నగదు 2 వేలు దాటితే ఆ మినహాయింపు రాదు. బియ్యం, దుప్పట్లు, బట్టల రూపంలో ఇచ్చినవాటికీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు రసీదు ఇచ్చినా దానితో పన్ను తగ్గదు. "బట్టలివ్వండి, పన్ను మినహాయింపు పొందండి" అనే ఫ్లెక్సీ ప్రింటుకు వెళ్లకముందే మీ ఆడిటర్‌కు చూపించండి.

ఫొటోలు. ఒక్క బియ్యం సంచికి ఎనిమిది చేతులు పట్టుకుని, పుచ్చుకునే ముసలామె ఎటు చూడాలో తెలియక నిలబడి ఉన్న ఫొటో మనందరం చూసిందే. చైర్మన్‌గారికి అలాంటివంటే ఇష్టమైతే, ఆయన లారీ ఎక్కిస్తున్న ఫొటోనో, వంటశాలలో మాట్లాడుతున్న ఫొటోనో ముందే తీయించి ఉంచండి. ఆయనకు కావలసింది తాను అక్కడ ఉన్నట్టు కనిపించడమే. పిల్లల విషయంలో మాత్రం బేరం లేదు. తల్లిదండ్రుల నుంచి తప్పిపోయిన పిల్లల పేరు, మొహం, ఊరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ గందరగోళంలోనే మోసగాళ్లు చైర్మన్‌గారి ఫొటో డీపీగా పెట్టి, కొత్త నంబరు నుంచి అకౌంటెంట్‌కు మెసేజ్ కొడతారు: "మీటింగ్‌లో ఉన్నా, ఈ వెండర్‌కు అర్జంటుగా లక్షన్నర పంపు." ఇప్పుడు గొంతు కూడా అచ్చు దింపేస్తున్నారు. ఫోన్‌లో వచ్చిన ఏ ఆదేశానికీ, గొంతు ఎవరిదైనా సరే, పాత నంబరుకు తిరిగి ఫోన్ చేయకుండా డబ్బు కదలకూడదని చైర్మన్‌గారి చేతే సంతకం చేయించి అకౌంట్స్ గదిలో అంటించండి. ట్రస్టు పేరుతో నకిలీ క్యూఆర్ కోడ్ కనిపిస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు, ఆ తర్వాతే ఖండన. ఖండనలో ఆ నకిలీ కోడ్ బొమ్మ మళ్లీ వేయకండి, హడావుడిలో దాన్నే స్కాన్ చేసేవాళ్లుంటారు.

నీళ్లు తీశాక, టీవీలు వేరే వార్తలకు మళ్లాక, దాతలకు ఒక ఉత్తరం వెళ్లాలి. నెలలోపు వెళ్తే మేలు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అనేవి మొదటి పేరాలోనే ఉండాలి, చైర్మన్‌గారి కృతజ్ఞతలు రెండో పేరాలో. మిగిలిన డబ్బుతో స్కూలు గోడ కట్టాలనో, పుస్తకాలు కొనాలనో అనుకుంటే, వరద కోసమని ఇచ్చినవాళ్లను ముందు అడిగి, వద్దన్నవాళ్లకు తిరిగి పంపే వీలుందో లేదో ఆడిటర్‌తో తేల్చుకున్నాకే ఆ మాట బయటికి వదలండి.