గేర్‌బాక్స్ వణుకుతోందంటే షోరూమ్‌లో ‘ఈ మోడలంతా ఇంతే సార్’ అంటున్నారా?

లక్షణం: సింహాచలం ఘాట్ రోడ్డు. ముందు కార్ల వరస, వెనక దేవస్థానం బస్సు. ఆగడం, అడుగు కదలడం, మళ్లీ ఆగడం. ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారినప్పుడల్లా నా డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ కారు స్టీరింగ్ దాకా వణికింది. కాసేపటికి బ్రేక్ లైనింగ్ మాడినట్టు వాసన, తర్వాత మీటర్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక. పక్కకి తీసి అరగంట ఆపితే ఏమీ ఎరగనట్టు నడిచింది. షోరూమ్‌కి వెళ్లేసరికి చల్లారిపోతుంది కదా, అడ్వైజర్‌కి ఏ తప్పూ కనబడలేదు.

ముందు ఇది చూసుకోండి: బండి న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడూ వణుకుతుంటే అనుమానం ఇంజిన్ మౌంటింగ్ మీదో, స్పార్క్ ప్లగ్ మీదో పెట్టుకోవాలి. కదిలేటప్పుడే, అదీ వేడెక్కాకే వస్తే క్లచ్‌వైపు చూడాలి.

కారణం: డ్యూయల్ క్లచ్ బండిలో బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఇంకోటి. డ్రై రకంలో అవి ఆయిల్‌లో మునిగి ఉండవు, గాలికే చల్లారాలి. నత్తనడక ట్రాఫిక్‌లో కంప్యూటర్ వాటిని సగం పట్టించి నడుపుతుంది. మాన్యువల్ బండిని ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం లాంటిదే. ప్లేట్లు మాడి నున్నబడితే పట్టు సమంగా రాదు, ఆ వణుకు అదే. ఆయిల్‌లో ఉండే వెట్ క్లచ్‌కి ఈ బాధ తక్కువ. మీది ఏ రకమో ముందే కనుక్కోండి.

నడిపేటప్పుడు: ముందు బండితో పాటు అంగుళం అంగుళం జరగొద్దు. నాలుగు గజాలు ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఎత్తులో బ్రేక్ మీదే ఆపాలి, యాక్సిలరేటర్ మీద కాదు. ఇది ఉపశమనమే, లోపం పోదు.

కంపెనీతో: ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ‘నార్మలే’ అన్నమాట నోటితో అంటారు, కాగితం మీద పెట్టరు. బండి సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు రాసే జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం చేయకండి. ఏ గేర్‌లో, ఎంతసేపటికి, ఏ హెచ్చరికతో వచ్చిందో మీ మాటల్లో రాయించండి. పక్కన కూర్చున్నవాళ్లతో వీడియో తీయించండి. టెక్నీషియన్‌ని బండి వేడిగా ఉండగానే టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లి, స్కానర్‌లో వచ్చిన కోడ్‌ల ప్రింట్ అడగండి. మూడోసారి వెళ్లేసరికి నా చేతిలో ఈ కాగితాలుండటం వల్లే మాట తీరు మారింది. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ విప్పించొద్దు. బయట విప్పారని కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది.

అప్పటికీ కంపెనీ కదలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు. బండికి కట్టింది 5 నుంచి 10 లక్షల మధ్యైతే ఫీజు 200 రూపాయలు. లాయర్ తప్పనిసరి కాదు. వాహన్ పోర్టల్‌లో రీకాల్ (లోపమున్న బండ్లని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం) ఫిర్యాదు దారీ ఉంది, ఏడేళ్లలోపు బండ్లకి. కానీ అది భద్రతకు ముప్పు తెచ్చే లోపాలకి. ఉత్త వణుకు అక్కడ నిలవదు, ఎత్తులో బండి పట్టు వదిలేస్తే మాత్రం రాయండి.

క్లచ్ మార్చారా? అడాప్టేషన్, అంటే కొత్త క్లచ్‌కి తగ్గట్టు గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని సెట్ చేయడం, చేశారో లేదో అడగండి. కొత్త పార్టుకి ఎన్నాళ్ల వారంటీయో బిల్లు మీదే రాయించుకోండి.