బ్రాకెట్ జిగురుల అతుకు బలాన్ని పోల్చే విధానం

రెండు జిగురుల్లో ఏది బ్రాకెట్‌ను (క్లిప్పుల చికిత్సలో తీగను పట్టి ఉంచేందుకు అతికించే చిన్న బిళ్లను) పంటికి గట్టిగా పట్టి ఉంచుతుందో తేల్చాలంటే, జిగురు తప్ప మిగిలినవన్నీ రెండు వైపులా ఒకేలా ఉండాలి. వరంగల్ పరిసరాల్లో ఈ పరీక్ష తలపెట్టే దంతవైద్య విద్యార్థులు ముందుగా పళ్ల విషయంలోనే జాగ్రత్తపడాలి. క్లిప్పుల చికిత్స కోసం తీసిన ప్రీమోలార్లను (కోరపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఉండే పళ్లను), రోగి సమ్మతితో, ఎథిక్స్ కమిటీ అనుమతితో సేకరించి, 0.1 శాతం థైమాల్ (క్రిములు పెరగకుండా ఆపే మందు) ద్రావణంలో తడి ఆరకుండా ఉంచాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవారి పళ్లమీద తెల్లని, గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. ఆ పళ్ల ఎనామిల్ (పంటి గట్టి పైపొర) జిగురుకు ముందు పూసే ఆమ్లానికి అంత సులువుగా లొంగదు. అటువంటివి ఒక గుంపులోనే ఎక్కువగా పడితే, కనిపించే తేడా జిగురుదో ఎనామిల్‌దో చెప్పలేము. వాటిని పక్కన పారవేయకుండా విడిగా పరీక్షించడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మన దగ్గరకు వచ్చే రోగుల్లో అలాంటి పళ్లవారూ ఉంటారు.

ఫ్లోరైడ్ లేని ప్యూమిస్ అనే రాతిపొడితో పంటిని శుభ్రపరచి, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 సెకన్లు ఉంచి, బాగా కడిగి, సుద్దలా తెల్లబడే వరకు ఆరబెట్టాలి. రెసిన్ జిగురుకు పొడి ఎనామిల్ తప్పనిసరి. రెసిన్ కలిసిన గ్లాస్ అయనోమర్ అనే మరో రకం జిగురు కొద్దిపాటి తడిని సహిస్తుంది కనుక దాని తయారీదారు సూచననే పాటించాలి. బ్రాకెట్ అతికించాక అంచుల్లో మిగిలిన జిగురును, దాన్ని గట్టిపరిచే లైటు వేయకముందే తీసివేసి, పళ్లను 37 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచాలి.

బలాన్ని కొలిచే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ ఇంజనీరింగ్ కళాశాలల్లో దొరుకుతుంది. అయితే ఇనుప కడ్డీలను పరీక్షించే భారీ యంత్రం ఇక్కడ పనికిరాదు: బ్రాకెట్ ఊడేది దాదాపు 100 న్యూటన్ల దగ్గర కాబట్టి, 500 న్యూటన్లు లేదా 1 కిలోన్యూటన్ సామర్థ్యమున్న లోడ్ సెల్‌ను (యంత్రంలో బలాన్ని పసిగట్టే భాగాన్ని) అడిగి బిగింపించుకోవాలి. పంటిని అక్రిలిక్ దిమ్మెలో నిలిపేటప్పుడు బ్రాకెట్ అడుగుభాగం, దాన్ని నెట్టి ఊడగొట్టే బ్లేడు కదిలే దిశకు సమాంతరంగా ఉండాలి. బ్లేడు నిమిషానికి 1 మిల్లీమీటరు వేగంతో దిగాలి. ఊడిన క్షణంలోని న్యూటన్లను అడుగుభాగపు చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే అతుకు బలం మెగాపాస్కల్‌లలో వస్తుంది: 99 న్యూటన్లు, 11 చదరపు మిల్లీమీటర్లు అయితే 9. చికిత్సకు 5.9 నుంచి 7.8 మెగాపాస్కల్ సరిపోతుందని రేనాల్డ్స్ అనే పరిశోధకుడు 1975లో సూచించారు.

చివరగా ప్రతి పంటినీ పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సు కింద పరిశీలించాలి. జిగురు ఏమీ మిగలకపోతే 0, మొత్తం మిగిలితే 3 అని ఏఆర్‌ఐ (పంటిమీద మిగిలిన జిగురు సూచిక) స్కోరు రాసి, ఎనామిల్ పెచ్చు ఊడి ఉంటే ఆ సంగతిని బలపు అంకె పక్కనే నమోదు చేయాలి.