ఊరి టవర్‌కు 4జీ వచ్చింది, ఫోన్‌కు రాలేదా? సరిహద్దు జిల్లాల బీఎస్ఎన్ఎల్ వినియోగదారులు చూసుకోవాల్సినవి

స్వదేశీ పరికరాలతో కట్టిన బీఎస్ఎన్ఎల్ 4జీ నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. నెట్‌వర్క్‌ను నడిపించే కోర్ సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్‌ది, టవర్ మీది రేడియోలు తేజస్ నెట్‌వర్క్స్‌వి, వీటన్నిటినీ కలిపి నిలబెట్టే పని టీసీఎస్‌ది. పర్లాకిమిడి, గుణుపూర్, మల్కన్‌గిరి వైపున్నా, మహారాష్ట్రలో సిరొంచ, ధర్మాబాద్ వైపున్నా చూసుకోవాల్సినవి నాలుగే: టవర్, సిమ్, ఫోన్, సెట్టింగ్. వీటిలో ఒక్కటి పాతదైనా 4జీ రాదు. సరిహద్దు ఊళ్లలో ఐదోది కూడా ఉంది. మీ ఫోన్ ఏ రాష్ట్రపు టవర్‌ను పట్టుకుందో చూడాలి. చాలామంది తడుముకునేది అక్కడే కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాం.

1. ముందు టవర్ సంగతి

బీఎస్ఎన్ఎల్ వెబ్‌సైట్‌లో కవరేజీ మ్యాప్ ఉంటుంది. ఆపరేటర్లందరూ ఇలాంటి మ్యాప్ పెట్టాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అందులో మీ ఊరు వెతికి 4జీ రంగు పడిందో లేదో చూడండి. టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో చుట్టుపక్కల టవర్ల వివరాలు కూడా దొరుకుతాయి. అయితే మ్యాప్‌ను పూర్తిగా నమ్మొద్దు. అది లెక్క కట్టి గీసింది. తూర్పు కనుమల్లో కొండకు ఇవతల నిండుగా ఉన్న సిగ్నల్ అవతలి పల్లెలో అసలు ఉండకపోవచ్చు.

టవర్ మీద కొత్త రేడియో బిగించినంత మాత్రాన పని అయిపోదు. టవర్ నుంచి డేటాను మోసుకెళ్లే లింకు పాత మైక్రోవేవ్‌దో, ఉపగ్రహానిదో అయితే ఫోన్‌లో 4జీ గుర్తు కనిపిస్తుంది కానీ వీడియో కదలదు. పక్క టవర్లతో పొంతన కుదిరేదాకా దారిలో మాట్లాడుతుంటే కాల్ తెగిపోతుంది. కొత్తగా మారిన టవర్ దగ్గర మొదట్లో ఇది మామూలే. ఈ దశలో సిమ్ తీసి పెట్టి, ఫోన్ రీసెట్ చేసి లాభం లేదు.

2. సిమ్

2జీ, 3జీ కాలం నాటి సిమ్ అయితే మార్చుకోక తప్పదు. ఆధార్, ఫోన్ వెంట తీసుకుని కస్టమర్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. నంబర్ మారదు. మీది ఆంధ్ర సర్కిల్ (సర్కిల్ అంటే టెలికాం సేవల పరిధి) నంబర్ అయి, మీరు రాయగడలోనో సిరొంచలోనో ఉంటుంటే, అక్కడ మార్చి ఇస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే బస్సు చార్జీలు దండగ.

సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. దొంగ సిమ్‌తో బ్యాంకు ఓటీపీలు కొట్టేయకుండా టెలికాం శాఖ పెట్టిన నియమమిది. అందుకే పింఛను, గ్యాస్ బుకింగ్, బ్యాంకు పని ఏదైనా ఉంటే ముందే ముగించుకుని వెళ్లండి. పాత సిమ్‌లో దాచిన నంబర్లను ముందే ఫోన్‌లోకి మార్చుకోండి.

ఇంకో మాట, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పండి. ‘మీ సిమ్‌ను 4జీకి మారుస్తాం, ఓటీపీ చెప్పండి’ అనో, ‘సిమ్ వెనకున్న అంకెలు మెసేజ్ చేయండి’ అనో ఫోన్ వస్తే వెంటనే పెట్టేయాలి. ఆ అంకెలు చేతికి చిక్కితే మీ నంబర్ వేరేవాడి సిమ్‌లోకి పోతుంది, దాని వెనకే బ్యాంకు ఖాతా.

3. ఫోన్

ఫోన్ మీద 4జీ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. బీఎస్ఎన్ఎల్ 4జీ నడిచేది 700 మెగాహెర్ట్జ్ (బ్యాండ్ 28), 2100 (బ్యాండ్ 1), 2500 (బ్యాండ్ 41) మీద. తయారీ సంస్థ సైట్‌లో మీ మోడల్ వివరాలు తెరిచి, ఎల్‌టీఈ (4జీకి సాంకేతిక పేరు) బ్యాండ్ల వరుసలో 28 ఉందేమో చూడండి. 700 తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. అడవి పల్లెలకు అదే దిక్కు. 2016, 2017 నాటి కొన్ని ఫోన్లలో 3, 5, 40 బ్యాండ్లే ఉంటాయి. వాటిలో కొత్త సిమ్ వేసినా గుర్తు మారదు.

3జీ ఫోన్ వాడేవారికి ఇబ్బంది ఇంకో రకం. 3జీకి వాడిన 2100 తరంగాలను 4జీకి ఇస్తున్నారు. టవర్ మారాక ఆ ఫోన్ 2జీకి దిగిపోయి, మాటలకు తప్ప పనికిరాదు.

4. సెట్టింగ్స్

మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ రకాన్ని 4జీ/3జీ/2జీ ఆటోమేటిక్ మీద పెట్టండి. వోల్టీఈ (4జీ మీదుగానే కాల్స్ నడిచే ఏర్పాటు) ఆన్ చేయండి. ఏపీఎన్ (ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే సెట్టింగ్) దగ్గర ‘బీఎస్ఎన్ఎల్‌నెట్’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. రెండు సిమ్‌లుంటే డేటాకు ఏ సిమ్ ఎంచుకున్నారో చూసుకోండి. తర్వాత ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి.

*#*#4636#*#* నొక్కి ‘ఎల్‌టీఈ ఓన్లీ’ పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. వోల్టీఈ నమోదు కాని ఫోన్‌లో అలా పెడితే డేటా బాగానే వస్తుంది, కాల్స్ మాత్రం రావు. అవతలివాళ్లకు మీరు అందుబాటులో లేరని వినిపిస్తుంది. వేగం పరీక్షించడానికి పెట్టినా, అయిపోగానే వెనక్కి మార్చండి.

5. ఏ రాష్ట్రపు టవర్?

టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. సిరొంచ మహారాష్ట్ర సర్కిల్‌లోకి వస్తుంది, నదికి అవతలి కాళేశ్వరం ఆంధ్ర సర్కిల్‌లోకి. పర్లాకిమిడి ఒడిశాది, దాన్ని ఆనుకునే ఉన్న పాతపట్నం ఆంధ్రది. శబరి, సీలేరు కలిసే మోటు దగ్గరా ఇదే తీరు. నీటి మీదుగా అడ్డేమీ ఉండదు కాబట్టి అవతలి గట్టు టవర్ ఇవతలి ఫోన్‌కు బలంగా తగులుతుంది.

నెట్‌వర్క్ వివరాలు చూపే యాప్‌లో కోడ్ చూడండి. బీఎస్ఎన్ఎల్‌కు 404-76 అంటే ఒడిశా, 404-66 అంటే మహారాష్ట్ర, 404-73 అంటే ఆంధ్ర. మీది ఒడిశా నంబర్ అయి, తెర మీద 404-73 ఉంటే మీరు రోమింగ్‌లో, అంటే సొంత సర్కిల్ బయటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. అప్పుడు డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాదు. ‘బిల్లు పడుతుందేమో’ అని దాన్ని ఆపేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. మీ ప్లాన్‌లో జాతీయ రోమింగ్ ఉందో లేదో చూసుకుని ఆన్ చేయండి.

ఇంటి దగ్గరి టవర్ మళ్లీ అందినా ఫోన్ వెంటనే దానికి మారదు. సొంత నెట్‌వర్క్ కోసం ఎంతసేపటికోసారి వెతకాలో సిమ్‌లోనే రాసి ఉంటుంది. ఆ గడువు 6 నిమిషాల గుణిజాల్లో ఉంటుంది, ఏమీ రాయకపోతే 60 నిమిషాలు. కాల్‌లో ఉన్నంతసేపూ వెతకదు. అంతసేపు ఆగలేకపోతే 20 సెకన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి తీయండి. అప్పటికీ అవతలి టవర్‌నే పట్టుకుంటే నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి. కానీ ఊరు దాటేముందు తిరిగి ఆటోమేటిక్‌కు మార్చడం మరిచిపోవద్దు. మరిచిపోతే సర్కిల్ దాటాక ఫోన్ మూగబోతుంది.

ఒకే టవర్ ఉన్న మారుమూల ఊళ్ల కోసం, పల్లెల టెలికాం సేవలకు కేంద్రం పెట్టిన డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ వినియోగదారులు ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటు 2025 జనవరి 17న మొదలైంది. అక్కడ కూడా కొన్ని ఫోన్లలో డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటేనే నెట్ వస్తుంది.

6. కొలిచి, ఫిర్యాదు చేయండి

తెర మీది గీతలను నమ్మొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కోలా చూపిస్తుంది. ఫోన్ గురించిన వివరాల్లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అంకె కనిపిస్తుంది. అది సున్నాకు ఎంత దగ్గరైతే అంత మెరుగు. మైనస్ 90 కన్నా మెరుగైతే బాగున్నట్టు, మైనస్ 105 దాకా పని నడుస్తుంది, మైనస్ 115 దాటితే కాల్స్ తెగుతాయి. రేకుల ఇంట్లో బలహీనంగా ఉంటే వాకిట్లోకి వచ్చి మళ్లీ చూడండి. తేడా బాగా ఉంటే అడ్డం రేకులదే.

సిగ్నల్ బాగుండీ నెట్ మందంగా ఉంటే, సాయంత్రం 8 గంటలకూ తెల్లవారుజామున 5కూ వేగం కొలవండి. సాయంత్రం మాత్రమే మందమైతే జనం రద్దీ. రెండు వేళలా మందమైతే లింకులోనే ఇరుకు ఉండొచ్చు. కరెంటు పోయిన కాసేపటికే సిగ్నల్ పోతుంటే టవర్ బ్యాటరీలను అనుమానించాలి.

ఇవన్నీ రాసిపెట్టుకుని 1800-180-1503కు ఫోన్ చేయండి. పిన్‌కోడ్, దగ్గరి గుర్తు, తేదీ, సమయం, డీబీఎం అంకె, నెట్‌వర్క్ కోడ్ చెప్పండి. ‘నెట్ రావట్లేదు’ అని మాత్రమే చెబితే ఫోన్ ఆపి ఆన్ చేయమంటారు, అక్కడితో సరి. డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పక అడిగి తీసుకోండి. పని జరగకపోతే అదే నంబర్‌తో బీఎస్ఎన్ఎల్‌లోనే పైస్థాయిలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి రాయొచ్చు, దానికి రుసుము లేదు. ట్రాయ్ నిబంధనల ప్రకారం 39 రోజుల్లో తేల్చాలి. ఒకే టవర్ కింద ఉన్న నలుగురైదుగురు విడివిడిగా ఫిర్యాదు చేస్తే, లోపం ఫోన్‌లో కాదు, టవర్ దగ్గరే ఉందని వాళ్లకు తెలుస్తుంది.