బ్రెయిడెడ్ కాంపోజిట్ టెన్సైల్ టెస్టా? కట్టర్ ముట్టకముందు స్కేలు పట్టుకోండి

తిరుపతిలో ఎంటెక్ ప్రాజెక్టుకి బ్రెయిడెడ్ కార్బన్ (జడలా అల్లిన కార్బన్ పోగుల్ని రెసిన్ అనే జిగురులో గట్టిపరిచిన కాంపోజిట్) తీసుకుని, దాన్ని విరిగేదాకా లాగి బలం చూసే టెన్సైల్ టెస్ట్ చేయాల్సిన పిల్లలు మొదట అడిగేది ఒకటే, సార్ శాంపిల్ వెడల్పు ఎంత అని. ఈ టెస్టుకి వాడే ఏఎస్‌టీఎం డి3039 స్టాండర్డ్‌లో 25 మిల్లీమీటర్లు చూసి అంతే కోసేస్తారు. నేనూ మొదటి బ్యాచ్ అట్లే కోసి పాడుచేసుకున్నా.

బ్రెయిడ్ అంటే జడే కదా, జడలో పాయ ఒకటి తిరిగి తిరిగి మళ్ళీ మొదటి వరసకి ఎక్కడొస్తుందో చూస్తాం చూడండి, ఇక్కడ కూడా అల్లిక అట్ల రిపీటయ్యే ముక్కని యూనిట్ సెల్ అంటాం. వెడల్పులో కనీసం రెండు సెల్స్ పట్టాలి, అల్లిక కాంపోజిట్ల టెస్టింగ్‌కి ఉన్న ఏఎస్‌టీఎం డి6856 గైడ్ చెప్పేది ఇదే. సెల్ 18 మిల్లీమీటర్లు ఉంటే వెడల్పు 36కి తగ్గకూడదు, శాంపిల్‌ని పట్టుకునే మీ మిషన్ గ్రిప్ అంత వెడల్పు పడుతుందో లేదో ముందే చూసుకోండి. స్ట్రెయిన్ గేజ్ (సాగుదల కొలిచే చిన్న పట్టీ) కూడా సెల్ కంటే చిన్నది అంటించొద్దు, పాయ మీద ఒక రీడింగ్, సందులో రెసిన్ మీద ఇంకో రీడింగ్ వస్తుంది.

ఇంకో సంగతి, ఏటవాలు పాయలు అంచు దగ్గర తెగిపోతాయి, 45 డిగ్రీల అల్లికలో ఒక్క పాయ కూడా పై గ్రిప్ నుంచి కింది గ్రిప్ దాకా పోదు. అందుకే బలం నంబర్ తక్కువొస్తుంది, మెటీరియల్ తప్పు కాదు. ట్రయాక్సియల్ (మూడు దిశల్లో పాయలుండే) అల్లికలో నిలువు పాయలుంటాయి కాబట్టి ఆ దిశలో లాగితే కొంత నయం, అడ్డంగా లాగితే మళ్ళీ అదే గోల. పార్ట్ ట్యూబే అయితే ట్యూబునే టెస్ట్ చేయండి, లోపల ప్లగ్ పెట్టి, లేకపోతే గ్రిప్‌లో నలిగిపోతుంది.

బ్రెయిడ్ యాంగిల్ (పాయ నిలువుకి ఎంత వాలిందో ఆ కోణం) డ్రాయింగ్‌లో ఉన్నది నమ్మొద్దు. ట్యూబు పొడవునా పది చోట్ల కొలిచి యావరేజ్ రాసుకోండి.

ట్యాబ్స్ (గ్రిప్ పట్టే చోట శాంపిల్ చివర్లకి అంటించే పలకలు) అంటించే చోట శాండ్‌పేపర్ రుద్ది, తెల్ల గుడ్డకి నల్ల దుమ్ము అంటకుండా అయ్యేదాకా ఎసిటోన్‌తో తుడవండి. ఇక్కడ బద్ధకిస్తే లోడ్ ఎక్కేటప్పుడు ట్యాబ్ ఊడొస్తుంది.

లాగే స్పీడ్ నిమిషానికి 2 మిల్లీమీటర్లు, శాంపిల్స్ కనీసం 5. మే ఎండల్లో ల్యాబ్ తలుపు తెరిచి చేయొద్దు, 23 డిగ్రీలు, 50 శాతం తేమ పెట్టండి. విరగకముందే టిక్ టిక్ అని వినిపిస్తుంది, ఆ లోడ్ కూడా రాసుకోండి, అది రెసిన్ పగలడం మొదలైన గుర్తు. గ్రిప్ లోపల విరిగింది లెక్కలోకి తీసుకోవద్దు, ఇంకోటి చేయండి. విరిగిన ముక్కల్ని నంబర్లేసి కవర్లలో దాచండి, ప్రాజెక్ట్ గైడ్ అడిగినప్పుడు అవే చూపించాలి.