పూల్ నీళ్లు మసకబారాయా? మందు వేసే ముందు ఇవి చూసుకోండి

కొత్తగా పూల్ చేతికొచ్చినవాళ్లు నీళ్లు తెల్లగా మారగానే టెన్షన్ పడి ఉన్న మందులన్నీ గుమ్మరిస్తారు. కాస్త ఆగండి.

- అడుగున ఉన్న డ్రెయిన్ స్పష్టంగా కనిపించేదాకా ఎవర్నీ దిగనివ్వద్దు. మునిగిపోతున్న మనిషి కూడా ఆ నీళ్లలో కనబడడు. పిల్లలుంటే గేటుకు తాళం వేయండి.

- ముందు టెస్ట్ కిట్‌తో పరీక్ష. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం పాళ్ల కొలత) 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. అంతకన్నా పెరిగితే క్లోరిన్ ఎంత పోసినా సరిగ్గా పనిచేయదు. కాబట్టి పీహెచ్ సరిచేశాకే క్లోరిన్ జోలికి వెళ్లండి.

- ఫిల్టర్ గేజ్ చూడండి. శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషర్ కన్నా 8–10 పీఎస్ఐ (గేజ్ మీది ప్రెషర్ కొలత) పెరిగితే ముందు దాన్ని కడగాలి. చాలాసార్లు అసలు దొంగ ఇదే!

- ఒక మందును మరో మందుతో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్‌కు యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. రెండు రకాల క్లోరిన్ కలిసినా మంట లేవచ్చు, పేలవచ్చు. ఒకే చెంచా, ఒకే బకెట్ రెండింటికీ వాడటం కూడా కలపడమే. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు.

- గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

- షాక్ డోసు, అంటే ఒకేసారి ఎక్కువ మోతాదులో వేసే క్లోరిన్, పొద్దుగూకాక వేయండి, ఎండకు క్లోరిన్ విరిగిపోతుంది. పంపు ఆడుతూనే ఉండాలి.

- ఫ్లాక్ (మసకను ముద్దగట్టించి అడుగుకు దించే మందు) వాడాలంటే మాత్రం పంపు ఆపాలి, అడుగున పేరుకున్న మడ్డిని ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా బయటికి లాగేయాలి. కార్ట్రిడ్జ్ ఫిల్టర్ (తీసి కడిగే మడతల గొట్టం ఉండే రకం) ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.